తెగింపు పాఠాలు – 4: ఇంకొక రాడ్డు

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చాలామందికి బెడిసికొట్టింది. తలపెట్టిన పనిలో ఎంత సొమ్ము పోయినా ఇల్లు గడుస్తుందో ఆ అంకెను ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ధర్మవరంలో సొంతంగా చీరల వ్యాపారం పెట్టాలనుకుంటున్న ఒకరు 'సున్నా' అని రాశారు. కడపలో ఉద్యోగం మానేసి అంగడి తెరవాలనుకుంటున్న మరొకరు 'ఉన్నదంతా' అని రాసి, దాని కింద రెండు గీతలు కూడా గీశారు. అనంతపురం దగ్గర చీనీ (బత్తాయి) తోట వేసిన ఒక రైతు 'ఏడాదిలో రాబడి కనబడకపోతే చెట్లు కొట్టేస్తాను' అని రాశారు. తప్పు కొంత నాదే, ఎందుకంటే నేను అంకెను మాత్రమే అడిగాను, ఏది కనబడినప్పుడు ఆగాలో అడగలేదు. ఈ వారానికి అనుకున్న బేరసారాల పాఠాన్ని పక్కన పెట్టి, ఈ మూడు కాగితాలను సరిదిద్దుతాను.

సున్నా రాసినవారికి ఒక్క మాట చాలు. ఏమీ పోకూడదనుకుంటే ఆ పని తలపెట్టకండి, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

'ఉన్నదంతా' రాసినవారికి కడప ఊళ్లోనే జవాబు ఉంది. 1820లో అక్కడికి వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఆ ఊళ్లో బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టుకొని, శిథిలమైపోతున్న తెలుగు తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించాడు. అది ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూ, ఆ జీతాన్ని ఖర్చుపెట్టి నడిపిన పని. కొలువు వదిలేసి దిగి ఉంటే ఆ పండితులకు జీతాలు ఎవరిచ్చేవారు? అప్పులు కూడా చేశాడనుకోండి, ఆ ఒక్క సంగతిలో మాత్రం ఆయన దారిన పోవద్దు. నా పక్షపాతం దాచుకోను: నెల తిరిగేసరికి బియ్యం కొనుక్కోగలిగినవాడే పెద్ద సాహసం చేయగలడని నేను నమ్ముతాను.

ఇక అసలు చిక్కుకు వస్తాను. అంకెను సరిగ్గా రాసినవాళ్లు కూడా 'ఇంత పెట్టాక ఇప్పుడు ఆగడమేమిటి' అనే మాట దగ్గర పడిపోతారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఒకప్పుడు నేనే ఆ మాట అన్నాను. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురం నేలలో బోరు వేయించడమే ఒక జూదం. మా చేనులో 400 అడుగుల దగ్గర ఆగాలని నేనూ మా నాన్నా ఇంట్లో అనుకున్నాం, కాని బోరు వేసే రాత్రి చేనుకు నేనొక్కడినే వెళ్లాను. నీళ్ల జాడ కోసం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని తిరిగిన పెద్దాయన గుర్తు పెట్టిన చోటే బోరు లారీ నిలిపారు. 400 అడుగులు దిగినా తెల్లటి రాతిపిండి లేస్తూనే ఉంది తప్ప తడి కనబడలేదు. "ఇంకొక రాడ్డు దించమంటారా సార్?" అని డ్రిల్లరు అడిగాడు. రాడ్డంటే 20 అడుగులు. ఇరవయ్యే కదా అని తల ఊపాను, అలా పదిహేను సార్లు ఊపాను. తెల్లవారేసరికి మాకు మిగిలింది 700 అడుగుల పొడి గుంత.

ఈ లెక్కను నిదానంగా చూడండి. మా నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు పైనున్న శిథిలమైన పొరలోనూ రాతి పగుళ్లలోనూ ఉంటాయి, లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు సాధారణంగా తగ్గుతాయి, అడుగు ధర మాత్రం పెరుగుతుంది. అంటే నేను ఎక్కువ డబ్బిచ్చి తక్కువ అవకాశాన్ని కొన్నాను. అప్పటికే దిగిన 20 రాడ్లు కింద నీళ్లున్నాయా లేవా అన్నదాన్ని మార్చలేవు. అక్కడ నేను వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ గుంత పక్కింటివాడిదై, నీళ్లు పడితే నాకే ఇస్తానని అతడు మాట ఇచ్చి ఉంటే, 21వ రాడ్డుకు నా జేబులో డబ్బు తీస్తానా? తీయనని జవాబు వస్తే అక్కడితో ఆపాలి. నాలుగేళ్లు గ్రూప్స్‌కు చదివి ఐదో ఏడు కూర్చోవాలా వద్దా అనేవారు, అమ్ముడుపోని సరుకు మీద మళ్లీ సరుకు దించేవారు ఇదే ప్రశ్న వేసుకోవాలి. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెదికేవాళ్లను చూసి నవ్వేవారున్నారు. వెంట తెచ్చుకున్న సద్ది అయిపోగానే ఇంటికి మళ్లేవాడికి పోయేది రెండు రోజుల కూలి, నా బోరు కంటే అది బుద్ధిగా ఆడిన జూదం.

చీనీ రైతుది దీనికి తలకిందులైన తప్పు. చీనీ మొక్క నాటిన నాలుగైదేళ్లకు గానీ చెప్పుకోదగిన కాపు రాదు కాబట్టి, ఏడాది రాబడిని కొలతగా పెట్టుకుంటే బతికే తోటను నరికినట్టే. ఆయన చూడవలసింది ఎండాకాలంలో బోరు ఎన్ని గంటలు పోస్తోంది, ఎన్ని మొక్కలు ఎండాయి అన్నది. ఆగే గీతను ఆ పని స్వభావాన్ని బట్టే గీయాలి: బోరుకు అడుగులు, తోటకు నీళ్లు, ఉగ్గాని (బొరుగుల ఉప్మా) బండికి పదింటికి బేసిన్‌లో మిగిలిపోయిన ఉగ్గాని. ఇలా గీసుకున్నాక భయం పోతుందని నేను చెప్పను, కాని అది ఎంతవరకో తెలుస్తుంది, అడుగు వేయడానికి నాకు ఆ మాత్రం చాలింది.

అభ్యాసం ఈసారి కష్టమైనదే. పాత కాగితం తీసి, అంకె పక్కన ఏది కనబడితే ఆగుతారో రాయండి. మీ మొహమాటానికి లొంగని మనిషి చేతికి ఆ కాగితం ఇచ్చి, ఆ రోజు వచ్చినప్పుడు మీ పక్కన నిలబడమని అడగండి. ఆ తరువాత, మీరు పెట్టదలచిన వ్యాపారమే పెట్టి మూసేసినవాళ్లను ముగ్గురిని వెదకండి. వాళ్లను ఎందుకు నష్టపోయారని అడగవద్దు, ఆగాలని మొదటిసారి ఎప్పుడు అనిపించింది, నిజంగా ఎప్పుడు ఆగారు అని మాత్రమే అడిగి, రెండు తేదీలూ రాసుకోండి. ముగ్గురి తేదీలూ చేతికి వచ్చేదాకా ఐదో పాఠం తెరవకండి.