అమెరికాకు కొత్తగా వచ్చినవారికి: పాత చెక్క డ్రెస్సర్ కొనేటప్పుడు

అమెరికాలోని అద్దె ఇళ్లలో బట్టలు తగిలించుకోవడానికి గోడలోనే క్లాజెట్ ఉంటుంది కనుక బీరువా అవసరం దాదాపుగా రాదు. అయితే అందులో సాధారణంగా ఒక కడ్డీ, ఒక అర తప్ప సొరుగులు ఉండవు కాబట్టి, మడతపెట్టిన బట్టలకు డ్రెస్సర్, అంటే వరుసగా సొరుగులుండే పొట్టి బీరువా వంటిది, ఒకటి త్వరలోనే కావలసివస్తుంది. చాలామంది పార్టికల్ బోర్డుతో (చెక్కపొట్టును జిగురుతో అదిమిన పలకతో) చేసిన కొత్తదాన్ని కొని, ఇల్లు మారినప్పుడు మరలు వదులైపోతే పారవేస్తుంటారు. దానికి బదులు 1950, 60 దశకాల్లో ఇక్కడ తయారైన, మిడ్ సెంచరీ మోడర్న్ అని పిలిచే పాత డ్రెస్సర్‌ను కొనుక్కోమని నా గట్టి సలహా.

కిందికి సన్నబడే కాళ్లు, నగిషీ లేని నున్నటి ముఖభాగం, వాల్‌నట్ (అక్రోటు) చెక్కకుండే గోధుమ వర్ణం దాని ఆనవాళ్లు. వర్జీనియాకు చెందిన లేన్, బాసెట్, నార్త్ కరోలినాకు చెందిన డ్రెక్సెల్, బ్రాయ్‌హిల్ వంటి కంపెనీల ముద్ర తరచుగా పై సొరుగు లోపల కనిపిస్తుంది. పేరున్నవాటికి ధర ఎక్కువ పలుకుతుంది. బట్టలు పెట్టుకోవడమే మన పని కాబట్టి ముద్ర లేనిదైనా చాలు. విరాళంగా వచ్చిన పాత సామాను అమ్మే గుడ్‌విల్, హాబిటాట్ రీస్టోర్ వంటి దుకాణాల్లోనూ, ఒక ఇంటి సామానంతటినీ ఆ ఇంట్లోనే అమ్మే ఎస్టేట్ సేల్‌లలోనూ ఇవి దొరుకుతాయి. ఎస్టేట్ సేల్ చివరి రోజున ధర తగ్గించడం పరిపాటి.

కొనే ముందు ప్రతి సొరుగునూ పూర్తిగా బయటికి లాగి చూడాలి. ముందు పలకా పక్క పలకా పళ్లు కలిపినట్లు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటే అది డవ్‌టెయిల్ అతుకు, గట్టి పనితనానికి గుర్తు. పైన అతికిన పలుచని వాల్‌నట్ పొరను లోపంగా భావించనక్కరలేదు, ఆ కాలపు మంచి సామాను కూడా చాలావరకు అలాగే తయారైంది. తరువాత టార్చిలైటు వేసి అతుకుల సందుల్లో, మరల రంధ్రాల్లో, అడుగు పలక కింద నల్లుల కోసం వెదకాలి. నల్లని చుక్కలు గాని, అవి విడిచిన పొట్టు గాని కనిపిస్తే, ఉచితంగా ఇచ్చినా ఇంటికి తీసుకురాకూడదు. సీసం కలిసిన రంగులను ఇక్కడ 1978లో నిషేధించారు కాబట్టి, అంతకు ముందు పెయింట్ వేసినదాన్ని ఇంట్లో గరుకు కాగితంతో రుద్దకూడదు. తేమకు ఉబ్బి చెక్క సొరుగులు బిగుసుకుంటే, అవి జారే పట్టీల మీద కొవ్వొత్తి రుద్దితే సరిపోతుంది.

పిల్లలున్నవారు అన్నింటికన్నా ముఖ్యంగా పట్టించుకోవలసింది డ్రెస్సర్ ముందుకు ఒరిగి పడే ప్రమాదాన్ని. సొరుగులు తెరిచి మెట్లుగా ఎక్కే పిల్లవాడి బరువుకు అది మీద పడి ప్రాణాలు పోయిన సంఘటనలు ఈ దేశంలో ఎన్నో జరిగాయి. అందుకే 2022 చివరలో చట్టం చేసి, 2023 సెప్టెంబరు నుంచి తయారయ్యేవాటికి స్థిరత్వ పరీక్షను తప్పనిసరి చేశారు. పాతవాటికి ఆ రక్షణ లేదు కనుక పట్టీతో గోడకు బిగించే బాధ్యత మనదే. మన ఊళ్లలోని ఇటుక గోడల వంటివి కావు ఇక్కడివి. జిప్సం పలకల వెనుక సాధారణంగా 16 అంగుళాలకు ఒకటి చొప్పున స్టడ్ అనే నిలువు కర్ర ఉంటుంది, మర అందులోకే దిగాలి. డ్రెస్సర్ వైపు కూడా పలుచని వెనుక పలకకు కాక, పైఅంచున ఉన్న మందపాటి చట్రానికి పట్టీని బిగించాలి. ఇంటి యజమాని అనుమతిని ముందుగానే రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. బరువైన బట్టలను అడుగు సొరుగుల్లో సర్దుకోవాలి; టీవీని గాని, పిల్లలు అందుకోవాలని ఎగబాకే బొమ్మలను గాని దాని మీద ఉంచకూడదు.