ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్: తయారీ, పోషక విలువలు

నలుగురికి సరిపడే సూప్ కోసం కిలో ఉల్లిపాయలను సన్నగా నిలువుగా తరిగి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో 40 గ్రాముల వెన్న కరిగించి, చిటికెడు ఉప్పు చేర్చి సన్నని సెగపై వేయించాలి. రుచంతా ఈ దశలోనే ఉంది కనుక తొందర పనికిరాదు. ముక్కలు ముందు నీరు వదిలి మెత్తబడి, దాదాపు గంటకు ముదురు గోధుమరంగులోకి వస్తాయి. గిన్నె అడుగున పట్టిన పొరను కాస్త వైట్ వైన్‌తో గానీ నీళ్లతో గానీ గీకి కలిపి, లీటరు బీఫ్ స్టాక్ (గొడ్డు మాంసం ఎముకలను ఉడికించి వడగట్టిన రసం) పోసి అరగంట ఉడికించాలి. కాల్చిన బ్రెడ్డు ముక్కలు, తురిమిన గ్రుయేర్ అనే గట్టి స్విస్ చీజ్ పైన పరచి, చీజ్ బుడగలు వచ్చేదాకా ఓవెన్‌లో ఉంచాలి.

100 గ్రాముల పచ్చి ఉల్లిపాయలో సుమారు 40 కేలరీలే ఉంటాయి, క్వెర్సెటిన్ అనే యాంటీఆక్సిడెంట్ కూడా లభిస్తుంది. అంతే బరువున్న గ్రుయేర్‌లో కాల్షియం పుష్కలమే అయినా కేలరీలు 400 దాటుతాయి. స్టాక్, చీజ్ రెండింటిలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి, రక్తపోటు ఉన్నవారు ఉప్పు లేని స్టాక్ వాడడం మంచిది.