ఇంట్లో కాఫీ లిక్యూర్ ఎలా చేయాలి?

అరకు కాఫీ గింజలు తెప్పించుకున్న ప్రతిసారీ అందులో వంద గ్రాములు పక్కకు తీస్తాను. మిగిలినవి పొద్దుటి ఫిల్టర్ కాఫీకి వెళ్తాయి. ఆ వంద గ్రాములకు ఒక బాటిల్ రమ్, పావుకిలో బెల్లం తోడైతే లీటరుకు కాస్త తక్కువగా చిక్కటి కాఫీ లిక్యూర్ తయారవుతుంది. చేతిపని మొత్తం కలిపినా గంటో, గంటన్నరో. మిగతాదంతా ఆగి చూడటమే.

ముందు పేరు సంగతి. లిక్కర్ అంటే ఏ మందైనా కావచ్చు. లిక్యూర్ వేరు. రమ్, వోడ్కా లాంటి స్పిరిట్‌లో పండో, మూలికో, గింజో నానబెట్టి, ఆ రుచి దిగాక తీపి కలిపితే లిక్యూర్. యూరప్ నిబంధనల ప్రకారం ఆ పేరుతో అమ్మాలంటే మామూలుగా లీటరుకు కనీసం 100 గ్రాముల చక్కెర, 15 శాతం ఆల్కహాల్ ఉండాలి. మనం చేసేది ఈ రెండు లెక్కలనూ దాటుతుంది.

కాఫీ లిక్యూర్లలో ఎక్కువమందికి తెలిసిన కహ్లువా 1936లో మెక్సికోలోని వెరాక్రూజ్‌లో పుట్టింది. కాఫీ, చెరకు రెండూ పండే ప్రాంతం అది. మెక్సికోలో పిలోన్సియో అనే చెరకు బెల్లం, దాల్చినచెక్క వేసి మట్టికుండలో కాఫీ కాచే అలవాటు ఉంది. దాని గురించి తెలిసిన రోజే నేను పంచదార మానేసి బెల్లంతో చేయడం మొదలుపెట్టాను. అనకాపల్లి బెల్లం దొరికే చోట ఉంటూ తెల్ల చక్కెర పోయడానికి మనసొప్పలేదు. రుచిలోనూ తేడా ఉంది. పంచదార తీపిని మాత్రమే ఇస్తుంది, బెల్లం కాఫీకి ఒక లోతైన రుచిని కూడా ఇస్తుంది.

మొదలుపెట్టే ముందు

లైసెన్సున్న షాపులో సీలుతో కొన్న బాటిల్ మాత్రమే వాడండి. రెక్టిఫైడ్ స్పిరిట్, ల్యాబ్ స్పిరిట్, ఊళ్లో ఎవరో ఇచ్చిన సారా, వీటి జోలికి అస్సలు వెళ్లకండి. వాటిలో మిథనాల్ ఉంటే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. రంగుతోనో వాసనతోనో దాన్ని కనిపెట్టలేం. ఇంట్లో బట్టీ పెట్టి కాచడం నేరం. ఇక్కడ మనం కాచేది ఏమీ లేదు, కొన్న మందులో కాఫీ నానబెడుతున్నాం, అంతే. అదీ ఇంట్లో వాళ్ల కోసమే, అమ్మకూడదు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి.

ఇంకో ముఖ్యమైన మాట: స్పిరిట్ ఉన్న గిన్నెను స్టవ్ దగ్గరకు తీసుకెళ్లకండి. 40 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం నుంచి వచ్చే ఆవిరికి మన వంటగది వేడిలోనే మంట అంటుకోగలదు.

కావలసినవి

డార్క్ రమ్ లేదా వోడ్కా 750 మి.లీ. (మన బాటిళ్ల మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది), కాఫీ గింజలు 100 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, నీళ్లు 250 మి.లీ., చిటికెన వేలిలో సగం పొడవు దాల్చినచెక్క, ఒక వెనీలా కాయ. కాయ దొరక్కపోతే ఒక టీస్పూను మంచి వెనీలా ఎసెన్స్. గట్టి మూత ఉన్న గాజు సీసా ఒకటి.

ఖరీదైన రమ్ కొనాల్సిన పనిలేదు. డబ్బు పెట్టాల్సింది కాఫీ మీద. చికోరీ కలిపిన ఫిల్టర్ పొడి దీనికి పనికిరాదు. చికోరీ స్పిరిట్‌లో దిగితే బురద రుచి వస్తుంది, వడకట్టడమూ నరకమే. అరకులో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన పెరిగే అరబికా రకం కాఫీ అయితే నాకు బాగా నచ్చుతుంది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రోబస్టా అనే ఇంకో రకం వాడితే చేదు పెరుగుతుంది, కెఫీన్ కూడా దాదాపు రెట్టింపు. గింజలు మధ్యస్థంగా వేగినవై ఉండాలి. నల్లగా మాడి, నూనె తేలినవి వద్దు.

సీసా విషయంలో ఒక జాగ్రత్త. ఆవకాయ పెట్టిన సీసా ఎంత తోమినా మూతలో వాసన ఉండిపోతుంది, స్పిరిట్ ఆ వాసనను బయటకు లాగేస్తుంది. కొత్త సీసా, లేదా ఇంతకుముందు నీళ్లు తప్ప ఏమీ పోయనిది తీసుకోండి.

మొదటి రోజు: నానబెట్టడం

గింజలను ఇడ్లీ రవ్వంత బరకగా పట్టండి. మిక్సీలో అయితే రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పాలి. మెత్తని పొడి అయితే చేదు త్వరగా దిగుతుంది, అడుగున మడ్డి పేరుకుంటుంది.

పొడిని సీసాలో వేసి రమ్ మొత్తం పోయండి. వెనీలా కాయను నిలువునా చీల్చి అందులోనే వేయండి. మూత బిగించి బాగా ఊపి, ఎండ తగలని అల్మారాలో పెట్టండి. నాలుగైదు గంటలకోసారి ఊపితే చాలు.

ఇరవై గంటలు. నా లెక్క అది. పదహారు నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య ఎప్పుడైనా తీసేయవచ్చు, అంతకు మించొద్దు. నేను మొదటిసారి చేసినప్పుడు ఎక్కువ రోజులుంటే ఎక్కువ రుచి వస్తుందనుకుని వారం రోజులు వదిలేశాను. వేపాకు కషాయంలా తయారైంది. ఎంత తీపి కలిపినా ఆ చేదు పోలేదు, బాటిల్ మొత్తం పారబోశాను. నీళ్ల కంటే ఆల్కహాల్ కాఫీలోని నూనెలనూ సువాసననూ వేగంగా లాగుతుంది. వాటి వెనకే చేదు కూడా వస్తుంది. అందుకే పన్నెండు గంటలు దాటాక చెంచాతో కొంచెం తీసి, అంతే నీళ్లు కలిపి రుచి చూస్తూ ఉండండి.

రెండో రోజు: వడకట్టడం, పాకం

ముందు టీ జాలీతో, తర్వాత ఉతికిన పల్చటి నూలు గుడ్డతో, చివరగా కాఫీ పేపర్ ఫిల్టర్‌తో వడకట్టండి. పేపర్‌లోంచి చుక్క చుక్కగానే దిగుతుంది, అరగంట పైనే పడుతుంది. తొందరపడి గుడ్డను పిండితే మడ్డంతా దిగుతుంది. దాని బరువుకు రెండింతల ద్రవాన్ని పొడి పీల్చుకుంటుంది కాబట్టి 750లో 550 మి.లీ. దాకా చేతికొస్తుంది. కంగారుపడకండి, అది మామూలే. తడి పిప్పిలో ఇంకా స్పిరిట్ ఉంటుంది, దాన్ని స్టవ్ దగ్గర పెట్టకండి.

బెల్లం తరిగి నీళ్లలో వేసి, దాల్చినచెక్కతో సహా సన్నమంట మీద కరిగించండి. ఒక పొంగు రాగానే దించేయండి. తీగపాకం అక్కర్లేదు. గుడ్డలో వడకడితే ఇసుక, చెరకు పీచు పోతాయి. కొన్ని బెల్లాలు ఉప్పగా ఉంటాయి, కాబట్టి ముందే నాలుక మీద వేసి చూసుకోండి.

పాకం పూర్తిగా చల్లారాలి. గిన్నె అడుగు చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. వేడి పాకం పోస్తే ఆల్కహాల్, సువాసన రెండూ ఆవిరైపోతాయి. ముందు ముప్పావు వంతు పోసి కలిపి, రుచి చూసి, మిగతాది కావాలంటే పోయండి. నేను మొత్తం పోస్తాను. అలా పోస్తే చివరికి సుమారు 950 మి.లీ., దాదాపు 25 శాతం ఆల్కహాల్‌తో వస్తుంది. వెనీలా ఎసెన్స్ వాడేవాళ్లు ఇప్పుడు వేయండి.

సీసాలో పోసి, తేదీ రాసిన చీటీ అంటించి, పది రోజులు పక్కన పెట్టండి. మొదటి రోజు విడివిడిగా తెలిసే బెల్లం, రమ్, కాఫీ పదో రోజుకు ఒకటవుతాయి. అడుగున కొంచెం మడ్డి చేరితే పైతేట వంచుకోండి. ఫ్రిజ్‌లో ఆరు నెలలు బాగుంటుంది. పాలు, క్రీమ్ మాత్రం సీసాలో ఎప్పుడూ కలపకండి, గ్లాసులోనే కలుపుకోవాలి.

దీనితో మూడు కాక్‌టెయిల్స్

కొలతకు దగ్గు మందు మూత కూడా పనికొస్తుంది, దాని మీద మి.లీ. గీతలుంటాయి. చిన్న పెగ్ అంటే 30 మి.లీ.

బ్లాక్ రష్యన్ అన్నిటికంటే సులువు. గ్లాసు నిండా ఐసు వేసి వోడ్కా 50, లిక్యూర్ 20 మి.లీ. పోసి కలపడమే. 1949లో బ్రస్సెల్స్‌లోని హోటల్ మెట్రోపోల్‌లో గుస్తావ్ టాప్స్ దీన్ని తయారుచేశాడని చెబుతారు. వోడ్కా ఉంది కాబట్టి రష్యన్ అన్నారు, రష్యాతో వేరే సంబంధం లేదు. దాని మీద 30 మి.లీ. ఫ్రెష్ క్రీమ్‌ను చెంచా వెనక నుంచి మెల్లగా జారవిడిస్తే వైట్ రష్యన్. ఇంట్లో మీగడ వాడితే ముందు బాగా గిలకొట్టండి, లేకపోతే ఉండలు తేలతాయి.

ఎస్‌ప్రెసో మార్టినీ నాకు ఇష్టమైనది. లండన్‌లో డిక్ బ్రాడ్‌సెల్ అనే బార్‌టెండర్ 1980లలో తయారుచేశాడు. వోడ్కా 50, లిక్యూర్ 30, అప్పుడే తీసిన చిక్కటి కాఫీ 30 మి.లీ. చాలా రెసిపీల్లో చక్కెర పాకం కూడా ఉంటుంది, మన లిక్యూర్‌లో బెల్లం ఉంది కాబట్టి మానేయవచ్చు. ఎస్‌ప్రెసో మెషిన్ లేకపోతే ఫిల్టర్‌లో మొదట దిగిన డికాషన్ తీసుకోండి, ఇక్కడా చికోరీ లేనిదే. నురగ కొంచెం తగ్గుతుంది, రుచి తగ్గదు.

ఒక్క విషయం మర్చిపోకండి. కాఫీ నిద్రను ఆపుతుంది కానీ మత్తును తగ్గించదు. మెలకువగా ఉన్నాం కదా అని బండి తీయకండి. మన చట్టంలో 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం. ఈ తియ్యటి గ్లాసు ఒకటి రెండయితే ఆ గీత ఎప్పుడు దాటామో తెలియదు.

ఇక ఎస్‌ప్రెసో మార్టినీని ఐసుతో ఊపి కలపాలి. అందుకు వాడే మూత డబ్బా, అంటే షేకర్, లేనివాళ్లు గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా వాడుకోవచ్చు. సగం దాకా ఐసు వేసి, మూడూ పోసి, మూతను అరచేత్తో నొక్కి పట్టి పదిహేను సెకన్లు బలంగా ఊపండి. డబ్బా పట్టుకోలేనంత చల్లబడాలి. వెంటనే చల్లటి గ్లాసులోకి వడకట్టి, పైన మూడు కాఫీ గింజలు వేయండి. అవి నురగ మీద మునగకుండా నిలిస్తే ఊపింది సరిపోయినట్టే.