గేటు పడితే వచ్చే టెన్షన్ ఎలా తగ్గిందంటే (నా అనుభవం)

నల్లగొండ నుంచి మిర్యాలగూడ వైపు రోజూ బండి మీద పోయొచ్చేవాళ్లు ‘గేటు దగ్గర చిరాకు పడకుండా ఎలా ఉంటున్నావ్’ అని అడుగుతూనే ఉన్నారు, అందుకే రాస్తున్నా. రైల్వే గేటు పడగానే నాకు పళ్లు బిగుసుకునేవి, ఆఫీసుకు చేరేసరికి తలనొప్పి. 10 నిమిషాలు ముందు బయల్దేరడం, సందుల్లో తిరిగి పోవడం, హారన్ కొట్టడం, ఫోన్ చూడడం అన్నీ అయ్యాయి, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందు, గేటు అంతసేపు ఎందుకు పడి ఉంటుందో తెలుసుకున్నా. ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటు (అంటే సిగ్నల్‌తో ముడిపెట్టిన గేటు) పూర్తిగా పడి లాక్ అయితే తప్ప రైలుకు సిగ్నల్ ఇవ్వడం కుదరదు. గేట్‌మన్ మీద అరిచి లాభం లేదన్నమాట. (గతంలో బాగానే అరిచాను, ఇప్పుడు సిగ్గేస్తుంది.)

ఇప్పుడు గేటు పడగానే ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుంటా. ఇదే ముఖ్యం. తాళం బండికే ఉంటే చెయ్యి ఊరుకోదు. తర్వాత హెల్మెట్ తీసి అద్దానికి తగిలిస్తా. ‘గేటు దగ్గర ఉన్నా’ అని ఆఫీసుకు ఒక్క మెసేజ్. గూడ్సు వస్తే వ్యాగన్లు లెక్కపెడతా. మొన్న 42 దాకా వచ్చాక పల్లీలమ్మే అవ్వ ‘ఏం బిడ్డా, లెక్క తేలిందా’ అంది, అంతే, మర్చిపోయా.

మన చేతిలో ఉన్నదీ లేనిదీ వేరు చేసి చూడమని గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ సుమారు 1900 ఏళ్ల కిందటే చెప్పాడు. నాకు మాత్రం తాళం జేబులో పడ్డాకే ఎక్కింది.

అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. ఇదే పద్ధతి ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడితే సగమే పనిచేసింది. పక్కింటి డీజే దగ్గరైతే అసలు లేదు. వెళ్లి అడిగితే సౌండ్ తగ్గించారు.