యూఎస్‌బీ, అడాప్టర్ రెండూ పెట్టే బోర్డులో కరెంటు వెనక్కి పారకుండా చూడటం

సొంతంగా వేసుకున్న మైక్రోకంట్రోలర్ బోర్డులో యూఎస్‌బీ 5 వోల్టుల లైన్‌నీ, అడాప్టర్ 5 వోల్టుల లైన్‌నీ నేరుగా కలిపేసినా బోర్డు పనిచేస్తుంది. అందుకే చాలామంది అలాగే వదిలేస్తారు. కానీ రెండూ ఎప్పుడూ సరిగ్గా ఒకే వోల్టేజీ ఇవ్వవు. అడాప్టర్ 5.2 ఇచ్చి, కంప్యూటర్ 4.9 ఇస్తుంటే కరెంటు పోర్టులోకి ఎదురెక్కుతుంది. కంప్యూటర్ ఆపేసినా ఆగదు, పోర్టు పాడయ్యే ప్రమాదం ఉంది.

తేలికైన మార్గం రెండు షాట్కీ డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగాలు). ఎస్‌ఎస్14 గానీ 1ఎన్5819 గానీ ఒక్కో లైన్‌లో ఒకటి పెట్టి, గీత ఉన్న కొసలు రెండూ బోర్డు 5 వోల్టులకు కలపండి. గ్రౌండ్ మాత్రం అన్నిటికీ ఒకటే, దాన్ని విడదీయకూడదు. డయోడ్ దగ్గర 0.3 నుంచి 0.5 వోల్టులు పోతాయి. ఏఎమ్‌ఎస్1117 లాంటి 3.3 వోల్టుల రెగ్యులేటర్‌కి (వోల్టేజీని తగ్గించి నిలకడగా ఇచ్చే చిప్) నిండు లోడు మీద ఇంచుమించు 4.5 కావాలి కాబట్టి, పొడవాటి యూఎస్‌బీ కేబుల్ పెడితే చాలకపోవచ్చు.

ఆ నష్టం వద్దనుకుంటే యూఎస్‌బీ వైపు డయోడ్ తీసేసి పీ-చానెల్ మాస్‌ఫెట్ (గేట్ వోల్టేజీని బట్టి కరెంటును వదిలే, ఆపే స్విచ్), ఉదాహరణకు ఏఓ3401, పెట్టండి. దాని మూడు కాళ్లలో డ్రెయిన్ యూఎస్‌బీకి, సోర్స్ బోర్డు 5 వోల్టులకు, గేట్ అడాప్టర్ 5 వోల్టులకు (డయోడ్‌కి ముందు). గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓముల రెసిస్టర్. అడాప్టర్ లేకపోతే గేట్ సున్నాకి దిగి మాస్‌ఫెట్ తెరుచుకుంటుంది, అడాప్టర్ పెట్టగానే మూసుకుంటుంది. డ్రెయిన్, సోర్స్ తారుమారైతే మాస్‌ఫెట్ లోపల సహజంగానే ఉండే డయోడ్ గుండా కరెంటు ఎప్పుడూ యూఎస్‌బీలోకే పారుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

రెసిస్టర్ 10 కిలో ఓములే ఎందుకంటే, అడాప్టర్ తీసేశాక కూడా అడాప్టర్ లైన్‌లోని షాట్కీ డయోడ్ గుండా కరెంటు వెనక్కి గేట్ వైపు కాస్త లీకవుతుంది, వేడెక్కితే ఇంకా ఎక్కువ. 10 మైక్రో ఆంపియర్లు లీకైతే 100 కిలో ఓముల మీద గేట్ 1 వోల్టు దగ్గర నిలుస్తుంది, 10 కిలో ఓముల మీద 0.1 దగ్గరే. పైగా అడాప్టర్ వైపు 10 మైక్రోఫారాడ్ల కెపాసిటర్ ఉంటే, 100 కిలో ఓములతో గేట్ పూర్తిగా దిగడానికి సెకనుపైనే పడుతుంది. ఆలోగా చాలాసేపు బోర్డు మాస్‌ఫెట్ లోపలి డయోడ్ మీదే నడుస్తుంది, వోల్టేజీ తగ్గి చిప్ రీసెట్ కావచ్చు.

గేట్‌కి 12 వోల్టుల అడాప్టర్ నేరుగా తగిలించకండి, రెగ్యులేటర్ తర్వాతి 5 వోల్టులే ఇవ్వండి. అడాప్టర్ స్థానంలో 3.7 వోల్టుల లిథియం సెల్ పెడితే ఈ సర్క్యూట్ కుదరదు. మాస్‌ఫెట్ పూర్తిగా మూసుకోక, సగం తెరుచుకుని వేడెక్కుతుంది.

మోటార్లు, రిలేలకు కరెంటు అడాప్టర్ నుంచే, డయోడ్‌కి ముందు తీసుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు. యూఎస్‌బీ లైన్ మీద కెపాసిటర్ 10 మైక్రోఫారాడ్లు దాటకూడదు. టైప్-సీ అయితే సీసీ1, సీసీ2 (కేబుల్ తగిలిందని అవతలికి తెలిపే పిన్లు) రెండింటికీ విడివిడిగా 5.1 కిలో ఓములు గ్రౌండ్‌కి పెట్టకపోతే, రెండు వైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో పవరే రాదు.

పవర్ లైన్లు విడదీసినా సిగ్నల్ లైన్ల గుండా కరెంటు దూరుతుంది. యూఎస్‌బీ-సీరియల్ చిప్‌కి పవర్ ఉండి మైక్రోకంట్రోలర్‌కి లేకపోతే, ఆ చిప్ టీఎక్స్ (పంపే) పిన్ నుంచి మైక్రోకంట్రోలర్ ఆర్ఎక్స్ (అందుకునే) పిన్ రక్షణ డయోడ్ మీదుగా కరెంటు వెళ్లి మైక్రోకంట్రోలర్ సగం మేలుకుంటుంది. రెండు లైన్లలోనూ 1 కిలో ఓము పెడితే ఆ కరెంటు చాలా తగ్గుతుంది. యూఎస్‌బీ మైక్రోకంట్రోలర్ చిప్‌లోనే ఉంటే, కేబుల్ ఉందో లేదో తెలియడానికి యూఎస్‌బీ 5 వోల్టుల నుంచి పిన్‌కి 100 కిలో ఓములు, పిన్ నుంచి గ్రౌండ్‌కి 150 కిలో ఓములు పెట్టండి, 3 వోల్టులు వస్తాయి. కేబుల్ లేనప్పుడు డీ+ పుల్-అప్‌ను (యూఎస్‌బీ డేటా లైన్‌ను పైకి లాగే రెసిస్టర్) ప్రోగ్రామ్‌లో ఆపేయాలి.

కంప్యూటర్‌కి తగిలించే ముందు అడాప్టర్ ఒక్కటే పెట్టి యూఎస్‌బీ 5 వోల్టుల పిన్ దగ్గర కొలవండి. మీటర్ లోపలి నిరోధం చాలా ఎక్కువ కాబట్టి కాస్త లీకేజీ కూడా రెండు మూడు వోల్టులుగా కనబడవచ్చు. ఆ పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1 కిలో ఓము పెట్టి మళ్లీ చూడండి. 0.1 వోల్టు లోపు పడిపోతే అది లీకేజీయే. 4 వోల్టుల పైనే నిలిస్తే డయోడో మాస్‌ఫెట్టో తిరగబడి ఉంది.