సైన్స్ ఫెయిర్‌కి నీళ్లతో నడిచే గిర్ని మోడల్, ఆలివర్ ఎవాన్స్ పద్ధతిల

సైన్స్ ఫెయిర్ అనంగనే మన హనుమకొండ పిల్లలు వాటర్ వీల్‌కి రెండు రాళ్లు తగిలించి గిర్ని అంటరు, గని అది ఎన్నో వందల ఏండ్ల నుంచి ఉన్నదే. ఆలివర్ ఎవాన్స్ అనే అమెరికా ఇంజనీరు కట్టిన గిర్ని చేయండి, చూసేటోళ్లు ఆగి చూస్తరు. అమెరికాల డెలావేర్ రాష్ట్రంల 1780లల కట్టిండు, గింజ పోసినంక పిండి జల్లెడ దాటేదాక మనిషి చెయ్యి పడకుండ ఆ ఒక్క నీటి చక్రమే అంతా చూసుకునేది. అంతకుముందు బస్తాలు మోసుకొని మెట్లెక్కుడు, పిండి పారతోటి ఎత్తుడు అంతా మనుషులే. 1790వ సంవత్సరంల అమెరికా ఇచ్చిన మూడో పేటెంట్ దీనిదే, మరుసటేడే జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్ల తన మిల్లుకు పెట్టించుకున్నడు.

అన్నిటికంటే ముందు గింజల్ని కింద నుంచి పైకి ఎక్కించే ఎలివేటర్ చేయండి, టైమంతా దీనికే పోవాలె. పాత సైకిల్ ట్యూబ్‌ని పట్టీ లెక్క కోసి, దానికి వాటర్ బాటిల్ మూతలు చిన్న నట్టు బోల్టులతో వరుసగా బిగించి, పైన ఒకటి కింద ఒకటి దారపు రీళ్ల మీద తిప్పాలె. కింది రీలు బోల్టుకు రంధ్రం గుండ్రంగ కాదు, నిలువుగ పొడుగు చేయండి, పట్టీ వదులైతే కిందికి జరిపి బిగించుకోవచ్చు. పైన మూత తిరగబడంగనే గింజలు వెనక్కే రాలుతయి, అందుకే అట్టతో చేసిన జారుడు రేకు పై రీలుకు ఆనీ ఆననట్టు, పట్టీ దిగే పక్కన్నే ఉండాలె. పెద్దపల్లి దిక్కు ఏ రైస్ మిల్లుకు పోయినా ఇప్పటికీ ఇట్లాంటి ఎలివేటరే వడ్లు ఎక్కిస్తది, ఒకసారి పోయి చూసి రండి, సగం డౌట్లు అక్కడ్నే తీరుతయి.

గింజల్ని, పిండిని అడ్డంగ తీసుకపోయేదానికి స్క్రూ కావాలె, పెన్సిల్‌కు ఐస్‌క్రీమ్ పుల్ల ముక్కలు మెలిక తిరిగినట్టు అంటించండి సరిపోతది, ఎవాన్స్ కూడ కట్టె ఇరుసుకు చిన్న చిన్న చెక్క రెక్కలే కొట్టిండు.

హాపర్ బాయ్‌ని మాత్రం వదిలేయొద్దు. రాళ్ల కింద నుంచి వచ్చిన పిండి వేడిగ, తడిగ ఉంటది, జల్లెడ మూసుకపోతది, అందుకని ఒక పిల్లగాడు దంతెతోటి పరిచి ఆరబెట్టేది. ఎవాన్స్ ఆ పనికి తిరిగే దంతె చేసిండు, దాని పేరే హాపర్ బాయ్, పిండిని పరిచి ఆరబెట్టుకుంటనే నడిమిట్ల రంధ్రం దిక్కు గుంజుకొస్తది. పళ్లెం నడుమ కడ్డీ నిలబెట్టి దానికి దువ్వెన ముక్క కట్టండి, పండ్లు కొంచెం ఏటవాలుగ ఉంటేనే పిండి లోపలికి వస్తది.

నీటి చక్రం కనీసం 12 అంగుళాలు ఉండాలె, చిన్నదైతే ఇన్నిటిని గుంజలేదు. చక్రం నుంచి రీళ్లను తిప్పే రబ్బరు బ్యాండ్లు జారితే రీలుకు గరుకు కాగితం చుట్టండి. కింద టబ్బు పెట్టుకొని అవే నీళ్లు మళ్లమళ్ల పోస్తే అయిపోతది.