పాత రేకులు దించే ముందు నీళ్లు కొట్టండి

మొన్న మా వీధిలో స్లాబు వేయడానికని పాత సిమెంటు రేకుల్ని సుత్తితో పగలగొట్టి కిందికి విసిరేస్తున్నారు. బూడిదరంగు దుమ్ము పక్కింటి అరుగు దాకా వచ్చింది. పిల్లలు అక్కడే ఆడుకుంటున్నారు. చూస్తుంటే నా ప్రాణం విలవిల్లాడింది.

ఆ రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ పీచు ఉంటుంది. రేకు గట్టిగా ఉన్నంతకాలం భయం తక్కువే. పగలగొట్టినా, కోసినా, డ్రిల్లు పెట్టినా కంటికి కనపడని పోగులు లేచి ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. ఆస్‌బెస్టోసిస్ (ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బు), ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) లాంటివి బయటపడేది సాధారణంగా ఏ 20, 40 ఏళ్లకో. అందుకే ఆ రోజు ఎవరికీ ఏమీ కానట్టే ఉంటుంది.

కాబట్టి ముందు రేకుల్ని నీళ్లతో బాగా తడపండి. బోల్టులు విప్పి, రేకును విరగకుండా తాళ్లతో దించండి. నోటికి తువ్వాలు కట్టుకుంటే ఆగదు, ఎన్-95 మాస్కు కూడా చాలదు, కనీసం పీ-100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ-3 రకం మాస్కు ముఖానికి బిగుతుగా ఉండాలి. దుమ్మును చీపురుతో పొడిగా ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. ముక్కల్ని మందపాటి ప్లాస్టిక్ కవరులో కట్టేసి, ఎక్కడ వేయాలో మున్సిపాలిటీ వాళ్లని అడగండి. గుంతలు పూడ్చడానికి మాత్రం వాడొద్దు. ఆ పనిలో వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి, పిల్లల బట్టల్లో కలపకండి.

ఇంట్లో ఎవరైనా రేకుల ఫ్యాక్టరీలోనో, కూల్చివేత పనుల్లోనో ఏళ్ల తరబడి చేసి ఉండి ఇప్పుడు ఆయాసం, తగ్గని పొడిదగ్గు ఉంటే, డాక్టరుకి ఆ పాత పని సంగతి తప్పకుండా చెప్పండి. సిగరెట్ అలవాటుంటే వెంటనే మాన్పించండి, ఈ పీచు, పొగ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు చాలా పెరుగుతుంది.